పదిహేడో గడి

ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు, ముప్పై వాక్యాలు, ఒక్కో వాక్యం పక్కన ఒక్కో గడి. పదకొండింటికల్లా నింపి ఈశ్వరయ్య సారు చేతిలో పెడితే ఆయన సంతకం చేసి కవరులో వేసి అంటిస్తాడు, ఇప్పుడేమో పది దాటి అయిదు నిమిషాలు. మాధవీలత పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది. ఎదురుగా ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్లలు ముప్పై ఎనిమిది మంది భౌతికశాస్త్రం పరీక్ష రాస్తున్నారు, వాళ్లకు కాపలా తను. బి.ఎడ్. చివరి ఏడాది, శంషాబాద్ దగ్గరి ఈ సర్కారు బడిలో పాఠాలు చెప్పి చెప్పడం నేర్చుకోవడానికి వచ్చి నలభై రోజులు, ఇవాళ ఆఖరి రోజు, రేపటి నుంచి ఈ గదీ, ఒక కాలు పొట్టిదైన ఈ కుర్చీ, ఈ సుద్దపొడీ ఎవరివో. పిల్లల ప్రశ్నలు పిల్లలకు పంచి వచ్చి తన ప్రశ్నలు ముందేసుకుంది. పైన లావు అక్షరాలతో 'వృత్తిపరమైన వైఖరుల స్వీయ మూల్యాంకన పత్రం' అని ఉంది, దాన్ని ఒక్క గుక్కలో చదివిన వాళ్లకు అక్కడే ఒక మార్కు ఇచ్చేయొచ్చు. అంటే ఏమీ లేదు, నువ్వు ఎలాంటి పంతులమ్మవో నువ్వే చెప్పు అంటున్నారు.

మొదటి వాక్యం, నేను సమయపాలన పాటిస్తాను. ఎందుకు పాటించను, తుక్కుగూడ బస్సు పాటిస్తే నేనూ పాటిస్తాను, ఏడుంబావుకు రావాల్సింది ఒకరోజు ఏడింటికే వచ్చి వెళ్లిపోతుంది, ఒకరోజు ఎనిమిదైనా జాడ ఉండదు, కండక్టర్‌ను అడిగితే ఎక్కినవ్ గదా అక్కా ఇగ కూసో అంటాడు, ఇదంతా రాయడానికి గడి చాలదు, నాలుగు. రెండు, నా వేషధారణ హుందాగా ఉంటుంది. ఇస్త్రీ చీరలు ఉన్నవే నాలుగు, నాలుగు. మూడు, విద్యార్థులందరినీ సమానంగా చూస్తాను. గది మధ్యలో స్తంభం ఉంది, దాని వెనక కూర్చునే ఇద్దరు నలభై రోజులుగా తనకు చెరి సగమే కనిపిస్తున్నారు, ఆ సగమూ సమానమే కదా, నాలుగు. నాలుగో వాక్యానికి నాలుగు వేస్తే బాగోదేమో అని ఒక్క క్షణం ఆగి, బాగోకపోవడానికి ఇదేమన్నా ముగ్గా అనుకుని నాలుగే వేసింది. ఫ్యాను తిరుగుతోంది అన్న పేరే గానీ గాలి పక్క గదికి పోతున్నట్టుంది. మూడో బెంచీలో ఎవరో తుమ్మారు, నలుగురు నవ్వారు, నవ్వకండి, రాయండి.

నాలుగు వేయడం మాధవీలత కనిపెట్టింది కాదు, అది కాలేజీలో తరతరాల ఆచారం. రెండేళ్ల కిందట చదివి వెళ్లిన గోవర్ధన్ అన్న నింపిన పత్రం ఫోటో గ్రూపులో తిరుగుతూ ఉంటుంది, అన్నిటికీ నాలుగు, నమ్మకం కోసం ఆరోదానికీ పందొమ్మిదోదానికీ మూడు, కింద 'నాలో నేను గమనించిన లోపం' దగ్గర 'పిల్లల మీద అతి ప్రేమ'. ఆ ఒక్క లోపంతో కాలేజీ నుంచి రెండు వందల మంది టీచర్లు బయటికి వెళ్లారు. చివర కృతజ్ఞతల్లో 'ఈ నలభై రోజులూ నా భార్య ఎంతో సహకరించింది' అని ఉంటే అది కూడా దించేసుకున్న పెళ్లికాని ఆడపిల్లలు క్లాసులో ముగ్గురున్నారు. కాలేజీలో ఈ పత్రాలు చూసే ప్రియదర్శిని మేడమ్ కోస్తా మనిషి, కోపమొచ్చినా మర్యాద తప్పదు. మీ అంతరంగంలోకి మీరే నిజాయితీగా తొంగి చూసుకోండమ్మా, ఇది మార్కుల కోసం కాదు, మీ ఎదుగుదల కోసం అంటుంది, అని, అదే గొంతుతో, కానీ మీరు వేసుకున్న మొత్తానికీ బడిలో సారు వేసిన మొత్తానికీ పదికి మించి తేడా వస్తే ప్రిన్సిపాల్ గారి గదికి రావాల్సి ఉంటుంది అని కలుపుతుంది. పోయినేడు ఒకమ్మాయి నిజంగానే తొంగి చూసుకుని రెండ్లూ మూడ్లూ వేసుకుంది, ఆ పిల్లను ప్రిన్సిపాల్ గదికి పిలిచి ఆత్మవిశ్వాసం లేదని తేల్చి ఇంకో నలభై రోజులు ట్రైనింగు చేయించారు. బడిలో తన పాఠాలు చూసి మార్కులు వేసే ఈశ్వరయ్య సారు మొన్ననే చెవిలో వేశాడు, తను నూట ఇరవై ఒకటి వేశానని. "అయిదేస్తె పొగరంటరు బిడ్డా, మూడేస్తె చాతగాదంటరు. నాల్గు మంచిది. నా సర్వీసంత నాల్గుతోనే ఎల్లదీసిన" అన్నాడు.

అసలు ఇలాంటి పని తనకు కొత్త కూడా కాదు. డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ దుకాణంలో పనిచేసింది, కాఫీ ఎలా ఉందో కొన్నవాళ్లు నొక్కి చెప్పడానికి బల్ల మీద చిన్న మీటల పెట్టె ఉండేది, దాని మీద అయిదు మొహాలు, ఆకుపచ్చగా నవ్వే మొహం నుంచి ఎర్రగా ఏడ్చే మొహం దాకా. విమానం ఎక్కబోయేవాడికి మొహాలు నొక్కే తీరిక ఎక్కడుంటుంది, అందుకని సూపర్‌వైజర్ జగన్ అన్న డ్యూటీ దిగే ముందు అందరినీ పిలిచి తలా ఇరవై నొక్కి పోండి అనేవాడు, మాధవీలత పందొమ్మిది ఆకుపచ్చలు నొక్కి, మరీ పచ్చిగా ఉంటుందని ఒక పసుపు నొక్కేది. ఒకరోజు ఎవరిదో మూడేళ్ల పాప ఎర్ర మొహం ముద్దొచ్చి దాన్నే పట్టుకుని యాభైసార్లు నొక్కింది, ఆ నెల దుకాణం మొత్తానికి నవ్వు ఎలా నవ్వాలో శిక్షణ ఇచ్చారు. మూడేళ్లు నవ్వీ నవ్వీ దవడలు లాగేవి. కానీ మానేసింది దవడల కోసం కాదు. రోజుకు మూడు వందల మందితో మాట్లాడినా తన మాట ఒక్కటి కూడా గేటు దాకా ఎవరి వెంటా పోయేది కాదు, కప్పుతో పాటే చెత్తబుట్టలో పడేది. టీచరు మాట అలా కాదు కదా, టీచరు చెప్పింది పిల్లల దగ్గర ఉండిపోతుంది కదా అనుకుంది.

అయిదు, ఆరు, ఏడు. ఎనిమిది, తోటి ఉపాధ్యాయులతో సామరస్యంగా మెలుగుతాను. స్టాఫ్ రూములో ఒక్క ఫ్యాను కింద ఆరు కుర్చీలు, తను ఎప్పుడూ ఏడో కుర్చీలోనే కూర్చుంది, ఇంతకంటే సామరస్యం ఏముంటుంది. తొమ్మిది, పరీక్షల నిర్వహణలో నిష్పక్షపాతంగా ఉంటాను. ఆ మాటకు తల ఎత్తి ఒకసారి గదంతా చూసింది, కిటికీ పక్కన పాండు అనే వాడు ముందు వాడి వీపు మీద జవాబు రాసి ఉన్నట్టు దాన్నే చూస్తున్నాడు, పాండూ నీ పేపర్లో చూడు. పది నుంచి పదహారు దాకా పెన్ను దానంతట అదే పోయింది. రాత్రి ఇంట్లో ఈ పత్రం చూసి అమ్మ సక్కుబాయి "నీకు నువ్వే మార్కులేస్కునుడేందే, మీ సార్లకు పని లేదా" అంది, ఏముందో చదివి చెప్పమంది, చెప్తే విని విని "నా సొరకాయ చేదని నేనే ఎట్ల చెప్తనే" అంది. నాన్న కుర్మయ్య మాత్రం అలా కాదు, ఆయన శంషాబాద్ అంగట్లో సొరకాయలు పరుచుకుని కూర్చుని, ఇవి నిన్నటియి, ఇవి మొన్నటియి, గీ చివరిది మాత్రం తీస్కపోకు అక్కా అని కొనేవాళ్లకు చెప్తాడు. ఆ చివరిది రోజూ ఇంటికొస్తుంది, అమ్మ రోజూ దాన్నే కూర వండుతుంది, వండుతూ ఈ ఇంట్ల నిజం అనే కూరే తింటున్నం ఇరవై ఏండ్ల సంది అంటుంది.

పదిహేడు. 'నా పొరపాటును విద్యార్థుల ముందు ఒప్పుకోవడానికి వెనుకాడను.'

పెన్ను ఆగింది. ఎందుకాగిందో తెలియనట్టు పెన్నును ఒకసారి విదిలించింది, సిరా ఉంది, సిరా బాగానే ఉంది. గోవర్ధన్ అన్న ఇక్కడ కూడా నాలుగే వేశాడు, మహానుభావుడు, ఆయన పిల్లలకు ఏం తప్పు చెప్పాడో ఎవరికి ఎరుక. పైనుంచి విమానం వస్తోంది, ముందు కిటికీ రేకు సన్నగా వణుకుతుంది, తరువాత బల్ల మీది సుద్దముక్క, ఆ తరువాత చప్పుడు ముంచేస్తుంది, ఇరవై సెకన్లు. ఈ ఊరి పిల్లలు విమానాన్ని తలెత్తి చూడరు, వాళ్ల నాన్నలు అక్కడే మూటలు మోస్తారు, క్యాబులు నడుపుతారు, అద్దాలు తుడుస్తారు, వాళ్లకు అది నాన్న ఆఫీసు. ఈ బడి టీచర్లకు మాత్రం ఒక పద్ధతి ఉంది, విమానం రాగానే సుద్దముక్క గాల్లో పట్టుకుని వాక్యం మధ్యలో ఆగిపోతారు, పోయాక ఆగిన మాట దగ్గర నుంచే ఎత్తుకుంటారు. ఈశ్వరయ్య సారుకు ముప్పై ఏళ్ల సాధన, ఆయన ఆ ఇరవై సెకన్లు కళ్లు మూసుకుని తెరిచి, ప్రత్యయం కూడా తప్పకుండా అందుకుంటాడు. కొత్తవాళ్లకు మొదటి వారం తల తిరుగుతుంది. మాధవీలతకు మూడో వారంలో కూడా తిరిగింది, అదే వచ్చిన తంటా.

ఆ రోజు శబ్దం పాఠం. వెనక బెంచీలో ఈశ్వరయ్య సారు పరిశీలన కాగితాలతో కూర్చున్నాడు. రాత్రంతా అద్దం ముందు చెప్పుకుని వచ్చిన పాఠం, చీర కుచ్చిళ్లు కూడా పాఠం లాగే కుదిరిన రోజు. "శబ్దం గాలిలో కంటే ఇనుములో" అంది, విమానం వచ్చింది, చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఇరవై సెకన్లలో సారు ఏం రాస్తున్నాడో అని చూసింది, తన నుదుటి మీద సుద్ద అంటిందేమో అనుకుంది, మధ్యాహ్నం డబ్బాలో మళ్లీ సొరకాయేనా అనుకుంది. విమానం పోయింది. ఎక్కడ ఆగాను, గాలి దగ్గర ఆగాను. గాలిలో వేగంగా పోతుంది, ఇనుము గట్టిగా ఉంటుంది కనుక అందులో నెమ్మదిగా పోతుంది, మనకు మాత్రం గోడ అడ్డం వస్తే నెమ్మదించమూ, అని ఉపమానంతో సహా చెప్పేసింది. ఒప్పు చెప్పడానికి వారం తయారవ్వాలి, తప్పుకు కారణాలు మాత్రం వాటంతటవే వచ్చి వరస కడతాయి. నాలుగో బెంచీలో అనుపమ లేచి నిలబడింది, సన్నటి పిల్ల, ఎప్పుడూ జడలు మడిచి కట్టుకుని వస్తుంది. "మేడమ్, మా తాత యాదగిరి రైలు పట్టాల పని చేస్తుండె. ఉందానగర్ కాడ పట్టాకు చెవి ఆనిచ్చి ఇంటె రైలు కండ్లకు అవుపడకముందే ఇనొస్తదట. మరి ఇనుములనే జల్ది వస్తున్నట్టు గదా" అంది. మాధవీలతకు ఆ క్షణమే తెలిసింది. ఈ విషయంలో తనకు తనే అబద్ధం చెప్పుకోకూడదు, తరువాత తెలియడం కాదు, ఆ క్షణమే, అరికాళ్ల దాకా తెలిసింది. తెలిసి, వెనక బెంచీలో ఉన్న సారు వైపు చూసి, "పట్టాల మీద చెవి పెట్టడం ప్రమాదం. కూర్చో" అంది.

అనుపమ కూర్చుంది. మాధవీలత నల్లబల్ల మీద గాలి, ఇనుము అని రాసి, గాలి పక్కన 'ఎక్కువ' అని రాసి, తరగతి మొత్తంతో మూడుసార్లు అనిపించింది. సాయంత్రం సారు కాగితం చూపించాడు. విద్యార్థుల భాగస్వామ్యం అయిదు. విద్యార్థుల భద్రత పట్ల అప్రమత్తత అయిదు, పక్కన 'పట్టాల గురించి చక్కగా హెచ్చరించినది' అని కూడా. విషయ పరిజ్ఞానం అయిదు. నాలుగుతో సర్వీసు ఎల్లదీసిన మనిషి ఆమెకు మూడు అయిదులు వేశాడు, ఆమె రెండు చేతులా కాగితం పట్టుకుని థాంక్యూ సార్ అంది. రేపు దిద్దుదాం అనుకుంది. రేపు తల్లిదండ్రుల మీటింగు. ఎల్లుండి రక్తపరీక్షలకు దవాఖాన వాళ్లు వచ్చారు, సగం క్లాసు దూది పట్టుకుని కూర్చుంది. ఆ తరువాత బతుకమ్మ సెలవులు. సెలవుల తరువాత కాంతి పాఠం మొదలైపోయింది, కాంతి మధ్యలో శబ్దం ఎలా తెస్తాం, పాఠ్యప్రణాళిక ఒప్పుకోదు. అనుపమ మళ్లీ ఏ రోజూ లేచి ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి మరిచిపోయి ఉంటుంది అని మాధవీలత, అడగడం లేదేంటి అని కూడా మాధవీలతే. ఇరవై రెండు రోజులు.

పది ఇరవై అయిదు. ఉక్కగా ఉంది, మిగిలిన ప్రశ్నపత్రం ఒకటి తీసి విసురుకోబోయింది. పేపరు ఈశ్వరయ్య సారు తయారు చేసింది, పొద్దున్నే జిరాక్సు తీయించి కట్ట చేతిలో పెట్టాడు, తను చదవను కూడా లేదు. విసురుతుంటే అక్షరాలు కళ్ల ముందు నుంచి అటూ ఇటూ పోయాయి, అయిదో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. 'శబ్దం వీటిలో దేనిలో ఎక్కువ వేగంగా ప్రయాణిస్తుంది? (అ) గాలి (ఆ) నీరు (ఇ) ఇనుము. కారణం ఒక వాక్యంలో రాయండి.' రెండు మార్కులు. ముప్పై ఎనిమిది తలలు వంగి ఉన్నాయి, ముప్పై ఎనిమిది చేతులు కదులుతున్నాయి, ఇందులో ఎంతమంది అయిదో ప్రశ్న దాటారో, ఎంతమంది ఇనుము గట్టిది కనుక అని రాస్తున్నారో. లేచి చెప్పేద్దామా, పరీక్షలో జవాబు చెప్పిన కాపలాదారు ఎక్కడైనా ఉంటుందా, తొమ్మిదో గడిలో నిష్పక్షపాతానికి నాలుగు వేసుకుని అరగంట కాలేదు. చెప్పకపోతే పదిహేడు, చెప్తే తొమ్మిది, ఈ పత్రం తయారు చేసినవాళ్లు ఒక్కరోజైనా ఇలాంటి కుర్చీలో కూర్చుని ఉంటే ఈ రెండూ ఒకే కాగితం మీద పెట్టేవారా. పెన్ను నోట్లో పెట్టుకుంది, పిల్లలకు వద్దని చెప్పే పని.

లేచి నడిచింది, కాపలావాళ్లు నడవాలి కదా, నడిస్తే తప్పు లేదు. మొదటి బెంచీ, అ. రెండో బెంచీ, అ, అ, ఒకడు ఏమీ రాయలేదు, వాడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. ఒక పిల్ల 'ఇనుము గట్టి గోడ వంటిది' అని తన ఉపమానాన్ని గుండ్రటి అక్షరాలతో రాసింది, ఎంత బాగా నేర్చుకుందో తల్లి. నాలుగో బెంచీ. అనుపమ గడిలో ముందు 'ఇ' రాసి ఉంది, స్పష్టంగా రాసి ఉంది, దాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన 'అ' రాసింది. కారణం దగ్గర రెండు మాటలు: మేడమ్ చెప్పారు.

మాధవీలత అక్కడే నిలబడిపోయింది. ఆ పిల్ల తలెత్తలేదు, వెక్కిరింపు కాదది, మొహంలో వెక్కిరింపు ఉంటే ఎంత బాగుండేది. కారణం రాయమన్నారు, ఉన్న కారణం రాసింది. తాత పట్టాకు చెవి ఆనించి తెచ్చిన నిజం ఒకవైపు, మేడమ్ ఒకవైపు, మేడమ్ గెలిచింది. గేటు దాకా తన మాట పోవాలని కదా ఈ పనికి వచ్చింది, పోయింది, గేటు దాటి ఇళ్లలోకి కూడా పోయి ఉంటుంది, ఈ పిల్ల ఇంటికి వెళ్లి తాతకు నువ్వు చెప్పింది తప్పట అని చెప్పి ఉంటే ఆ ముసలాయన ఏమనుకుని ఉంటాడు. ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఒక పక్క నుంచి అనుపమ జడ రిబ్బను ఊడిపోతోంది చెప్పాలి అని కూడా అనిపించింది, మనసుకు సిగ్గు లేదు, ఏ సమయంలో ఏం చూడాలో తెలియదు.

"అయిపోయిందా బిడ్డా ఫారం" అని గుమ్మం దగ్గర ఈశ్వరయ్య సారు. పదీ నలభై. మాధవీలత గబగబా వెళ్లి చిన్న గొంతుతో చెప్పింది. "సార్, అయిదో ప్రశ్న పాఠం నేను వీళ్లకు తప్పు చెప్పిన సార్. ఉల్టా చెప్పిన."

సారు కళ్లజోడు తీశాడు. "గా దినం నేను వెన్కనే కూసున్న గదా?"

"కూసున్నరు సార్."

"మరి నాకు ఇనరాలే?"

ఆయనే గోడ వైపు చూసి, "మధ్యాహ్న భోజనం లెక్క ఫోనుల ఎక్కిస్తున్న గావచ్చు" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు కాదు, ఎక్కడో పోయిన గొడుగు గుర్తొచ్చినట్టు అన్నాడు. తరువాత గొంతు ఇంకా తగ్గించి, జర ఆగు, పరేషాన్ గాకు, అందరికీ రెండు మార్కులు కలిపేస్త, ప్రశ్నల తప్పున్నదని రాస్త, ఎవ్వలకు తెల్వది, నీ నాలుగులు నువ్వు వేసి ఇయ్యి అన్నాడు. ఎంత సులువు. ముప్పై ఎనిమిది మందికీ రెండేసి మార్కులు, తనకు నూట ఇరవై, సారుకు నూట ఇరవై ఒకటి, కవరు అంటుకుంటుంది. ఒక్క నిమిషం ఆమె నిజంగానే సరే అనబోయింది, స అనే అక్షరం నాలుక దాకా వచ్చింది కూడా. "మార్కులు సరే సార్. మార్కులు వేసినంక గూడ వీళ్లు గదే అనుకుంటరు గదా. పెద్దగైనంక గూడ" అంది. సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు, పెట్టుకుని ఆమెను చూశాడు, ఇగ నీ ఇష్టం అన్నట్టు గుమ్మానికి ఆనుకున్నాడు.

బల్ల ముందు నిలబడి "పిల్లలూ, ఒక్క నిమిషం పెన్నులు ఆపండి" అంది, అద్దం ముందు నేర్చుకున్న పుస్తకం భాష అంతవరకే వచ్చింది. "అయిదో ప్రశ్న ఉన్నది గదా. గది నేను మీకు తప్పు చెప్పిన. సప్పుడు గాలిల గాదు, ఇనుములనే జోరుగ పోతది. గా దినం అనుపమ చెప్పిందే కరెక్టు. నాకు గప్పుడే తెల్సింది. తెల్సి గూడ ఆ పిల్లను కూసోమన్న, సారు ముంగట ఇజ్జత్ పోతదని. నాదే తప్పు." ఆకాశం కూలుతుందనుకుంది, కనీసం గుసగుసలన్నా వస్తాయనుకుంది. ఏమీ లేదు. టీచర్లు తప్పు చెప్పడం లోకంలో ఇప్పుడే మొదలైనట్టు పిల్లలెవరూ చూడలేదు, వాళ్ల బాధ వాళ్లది, కొట్టేసి రాస్తే మార్కులు కోస్తారా అని ఒకరు అడిగారు, కోయరని సారు గుమ్మం నుంచే చెప్పాడు. ముప్పై ఆరు కొట్టివేతల చప్పుడు గదిలో గరగర వినపడింది. పాండు మాత్రం చెయ్యి ఎత్తాడు. "ఇంకేమన్న తప్పు చెప్పిండ్రా మేడమ్? ఇప్పుడే చెప్తే అన్ని ఒక్కసారే దిద్దుకుంటం" అన్నాడు, ఎంతో సాయం చేస్తున్నవాడిలా. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగి నిజంగా ఆలోచించింది, బలం పాఠం, పీడనం పాఠం, కాంతి పాఠం, విమానాలు వచ్చిన చోటల్లా ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయింది. నలభై రోజుల్లో తన లోపలికి తను తొంగి చూడడం ఇదే మొదలు. "లేవు పాండూ, గిదొక్కటే. ఇంకేమన్న యాదికొస్తె పదకొండు లోపల చెప్త" అంది.

కూర్చుని పదిహేడో గడిలో ఏం వేయాలో చూసింది. సారు వచ్చి పక్కన నిలబడి "ఇప్పుడు ఒప్పుకున్నవ్ గదా, అయిదెయ్యి" అన్నాడు. ఇరవై రెండు రోజులు ఒప్పుకోలేదు సార్ అని రెండు వేసింది. తొమ్మిదోది కొట్టేసి ఒకటి వేసింది, సమయపాలన మూడు చేసింది, బస్సుతో సగం పాపం పంచుకుని. స్తంభం వెనక పిల్లలు గుర్తొచ్చి మూడోదీ దిద్దింది, అలా పైకీ కిందికీ పోతూ మిగిలిన గడులు కూడా నింపి, లోపం దగ్గర 'అతి ప్రేమ' దించకుండా, పెద్దవాళ్లు చూస్తుంటే భయపడి పిల్లలను కూర్చోమంటాను అని రాసింది. మొత్తం తొంభై నాలుగు వచ్చింది. "పిలుస్తరు బిడ్డా నిన్ను ప్రిన్సిపాల్ రూముకు" అన్నాడు సారు. పిలవనియ్యండి సార్ అంది, అంది గానీ ఇంకో నలభై రోజులంటే మాటలా. ఆయన శబ్దం పాఠం నాటి తన కాగితం తీసి, భద్రత పట్ల అప్రమత్తత అయిదు దగ్గర చాలాసేపు ఆగాడు. పెన్ను తీశాడు, కొట్టేశాడు, ఇంకా కొంతసేపు ఆలోచించి, నాలుగు వేశాడు. అంతకంటే దిగడం ఆయన వల్ల కాలేదు, మాధవీలత కూడా అడగలేదు.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉండగా నాలుగో బెంచీలో అనుపమ లేచి నిలబడింది. ఆ పిల్ల ఒక్కతే ఇంకా జవాబు దిద్దుకోలేదు.

"నేను మల్ల 'ఇ' రాయొచ్చా మేడమ్?"

"రాయి."

"మరి కారణం?"

"కారణం నీకెర్కే గదా, మీ తాత చెప్పింది రాయి" అంది మాధవీలత. "గాడ నన్ను మాత్రం కొట్టెయ్."

అనుపమ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది, సరేనన్నట్టు తలూపి కూర్చుంది. డబ్బాలోంచి స్కేలు తీసింది, 'మేడమ్ చెప్పారు' మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ జరిపి, వంకర లేకుండా ఒక్క గీత కొట్టింది.